నిజాం సర్కారుకే అప్పిచ్చిన బ్యాంకర్: విలియం పామర్ జీవిత కథ

జనగామ అయినా, మానుకోట అయినా, భూపాలపల్లి అయినా, అప్పు మాట వస్తే ముందు అడిగేది ఒక్కటే. రూపాయి వడ్డీనా, రెండు రూపాయల వడ్డీనా? నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం. ఈ లెక్క బడికి పోనివాళ్లకు కూడా వస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక బ్యాంకు సరిగ్గా ఇదే లెక్క మీద నడిచింది. జనం దగ్గర రూపాయి వడ్డీకి డిపాజిట్లు తీసుకుని, రెండు రూపాయల వడ్డీకి, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువకు అప్పిచ్చింది. అప్పు తీసుకున్నది పత్తి రైతో, కిరాణా సేఠో కాదు. స్వయంగా నిజాం సర్కార్.

ఆ బ్యాంకు పేరు విలియం పామర్ అండ్ కంపెనీ. దాన్ని పెట్టిన విలియం పామర్ తండ్రి ఇంగ్లిష్ జనరల్, తల్లి ముస్లిం బేగం. హైదరాబాద్ చరిత్రలో ఇంత డబ్బు చూసి, ఇంత బదనాం అయి, ఇంత ఎక్కువ కాలం బతికిన దొర మరొకరు కనిపించరు.

లక్నోలో పుట్టుక

విలియం పామర్ 1780లో లక్నోలో పుట్టాడు. తండ్రి పేరు కూడా విలియం పామరే. ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి, గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌కు నమ్మిన మనిషి. తర్వాత జనరల్ అయ్యాడు, పుణెలో పేష్వా దర్బారులో రెసిడెంట్‌గా పనిచేశాడు. తల్లి ఫైజ్ బక్ష్, పెద్దింటి ముస్లిం స్త్రీ. మొగల్ బాదుషా షా ఆలం నుంచి ఆమెకు సాహిబ్ బేగం అనే బిరుదు కూడా వచ్చింది. ఆ రోజుల్లో కంపెనీ అధికారులు చాలామంది ఇక్కడి స్త్రీలతో కాపురం చేసేవారు. ఊరు మారినప్పుడు వదిలేసి పోయినవాళ్లే ఎక్కువ. జనరల్ పామర్ మాత్రం ఫైజ్ బక్ష్‌ను చివరిదాకా వదల్లేదు.

ఈ కుటుంబం బొమ్మ ఒకటి ఇప్పటికీ ఉంది. 1785 ప్రాంతంలో వేసిన పెయింటింగ్ అది, పూర్తి కాలేదు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మధ్యలో ఫైజ్ బక్ష్ నేల మీద కూర్చుని ఉంటుంది, పక్కన ఎర్ర కోటులో భర్త, చుట్టూ పిల్లలు, బంధువులు. ఆ పిల్లల్లో ఒకడు మన విలియం. చంటి పిల్లాడు తమ్ముడు హేస్టింగ్స్ పామర్. తండ్రి తన దొర వారెన్ హేస్టింగ్స్ మీద అభిమానంతో ఆ పేరు పెట్టాడు.

విలియంను చదువుకు ఇంగ్లండ్ పంపారు. వూలిచ్ మిలటరీ అకాడమీలో చదివి తిరిగొచ్చాడు. చదువు ఇంగ్లండ్‌ది, ఇంట్లో మాట హిందుస్తానీ, దర్బారు మర్యాదలు తల్లి నుంచి వచ్చినవి. కానీ అప్పటికే కంపెనీ రూల్స్ మార్చేసింది. తల్లి హిందుస్తానీ అయితే ఆ కొడుక్కు కంపెనీ పెద్ద ఉద్యోగాల్లో చోటు లేదు. అలాంటి పిల్లలకు దారి నిజాం, సింధియా లాంటి దేశీ రాజుల కొలువే. 1799లో పందొమ్మిదేళ్ల వయసులో పామర్ నిజాం సైన్యంలో చేరాడు.

సైన్యం నుంచి వ్యాపారంలోకి

హైదరాబాద్‌లో పన్నెండు, పదమూడేళ్లు నౌకరీ చేశాడు. ఈలోపు తల్లి ఫైజ్ బక్ష్ కూడా హైదరాబాద్‌తో బంధం పెంచుకుంది. కోఠీ రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ బీబీ ఖైరున్నిసాకు ఆమె దగ్గరి స్నేహితురాలు. 1816లో భర్త చనిపోయాక కూడా ఫైజ్ బక్ష్ చాలా ఏళ్లు బతికింది. కొడుకు ఎదగడం చూసింది, పడిపోవడమూ చూసింది.

పామర్ మొదట చూసింది టేకు కలప వైపు. గోదావరి ఒడ్డు అడవుల టేకును నది మీద సముద్రం దాకా దింపి, ఓడలు కట్టేవాళ్లకు అమ్మాలని ఆలోచన. ఈ రోజు భూపాలపల్లి జిల్లాలో మహాదేవ్‌పూర్, కాళేశ్వరం వైపు పోతే ఆ గోదావరి, ఆ టేకు చెట్లు ఇంకా కనిపిస్తాయి. కానీ కలపలో వచ్చే లాభం నిదానంగా వస్తుంది. పామర్‌కు అంతకంటే పెద్ద వ్యాపారం కళ్ల ముందే ఉంది. అది సర్కారు అప్పు.

1814 నాటికి విలియం పామర్ అండ్ కంపెనీ పూర్తిస్థాయిలో నడవడం మొదలైంది. భాగస్వాముల్లో తమ్ముడు హేస్టింగ్స్ పామర్ ఉన్నాడు. బంకటీ దాస్ అనే గుజరాతీ సాహూకారు ఉన్నాడు. రెసిడెన్సీ డాక్టర్ విలియం కర్రీ ఉన్నాడు. తర్వాత సర్ విలియం రంబోల్డ్ వచ్చి చేరాడు. ఈయన ఒకప్పటి మద్రాస్ గవర్నర్ థామస్ రంబోల్డ్ మనవడు. అంతకంటే ముఖ్యం, ఆయన భార్య అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ ఇంట్లో కూతురిలా పెరిగిన అమ్మాయి. ఈ లార్డ్ హేస్టింగ్స్ వేరు, పామర్ తండ్రి కొలిచిన వారెన్ హేస్టింగ్స్ వేరు. రంబోల్డ్ రాకతో కలకత్తా పెద్ద ఇంటి తలుపు ఈ బ్యాంకుకు తెరుచుకుంది.

సర్కారుకు అప్పు ఎందుకు పడ్డది

అప్పట్లో గద్దె మీద ఉన్నది సికిందర్ జా, మూడో నిజాం. పేరుకు దివాన్ మునీరుల్ ముల్క్. పని అంతా నడిపేది పేష్కార్ రాజా చందూలాల్. చందూలాల్‌కు వెనక బలం కోఠీలో కూర్చున్న ఇంగ్లిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్.

1798, 1800 ఒప్పందాలతో నిజాం కంపెనీ రక్షణలోకి పోయాడు. ఆ సైన్యం ఖర్చు కోసం 1800లో కడప, బళ్లారి వంటి ప్రాంతాలు ఇచ్చేశాడు. అది చాలదన్నట్టు రస్సెల్ ఇంకో సైన్యం తయారు చేయించాడు. అధికారులు ఇంగ్లిష్ వాళ్లు, జీతాలు మాత్రం నిజాం ఖజానా నుంచి. మొదట దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు, తర్వాత కంటింజెంట్ అన్నారు. జీతం నెల నెలా ఇవ్వాలి, ఆలస్యం అయితే రెసిడెంట్ ఊరుకోడు. కానీ శిస్తు నెల నెలా రాదు, పంటలు వచ్చినప్పుడే వస్తుంది. ఈ రెండింటి మధ్య ఖాళీ ఎక్కడ ఉందో పామర్ బ్యాంకు అక్కడ నిలబడ్డది.

బేరార్, ఔరంగాబాద్ వైపు ఉన్న దళాల జీతాల కోసం పామర్ కంపెనీ నెలకు రెండు లక్షల రూపాయల వరకు ముందే ఇచ్చేది. దానికి జమానత్‌గా బేరార్ శిస్తులో ఏటా 30 లక్షల మేరకు రాయించుకుంది. వడ్డీ ఏటా 24, 25 శాతం. బ్యాంకులో డిపాజిట్ పెట్టినవాళ్లకు ఇచ్చేది 12 శాతం. రెసిడెన్సీ ఉద్యోగులు, సైన్యం అధికారులు కూడా తమ పొదుపు అందులోనే పెట్టారు. అంటే నిజాం నుంచి జీతం తీసుకునే ఇంగ్లిష్ అధికారి, ఆ జీతంలో మిగిలింది పామర్ దగ్గర పెట్టేవాడు. పామర్ మళ్లీ ఆ డబ్బునే నిజాంకు అప్పిచ్చి, ఆ అధికారికి జీతం ఇప్పించేవాడు. ఒకటే డబ్బు గిరగిర తిరిగేది, తిరిగినప్పుడల్లా నిజాం ఖాతాలో వడ్డీ పెరిగేది.

ఇస్లాంలో సూద్ హరామ్ అని పామర్ తల్లికి తెలుసు, నిజాంకూ తెలుసు. కానీ దర్బారు ఖర్చులు, సైన్యం జీతాలు ముందుకు వచ్చినప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మార్వాడీ, గుజరాతీ సాహూకార్ల దగ్గర కూడా సర్కారుకు అప్పు అంతకు తక్కువకు దొరికేది కాదు. పామర్ తరఫు వాళ్లు తర్వాత చెప్పుకున్న వాదన కూడా ఇదే.

కలకత్తా అనుమతి

చట్టం ఒకటి అడ్డు ఉంది. 1797లో బ్రిటిష్ పార్లమెంట్ చేసిన చట్టం ప్రకారం కంపెనీ అనుమతి లేకుండా బ్రిటిష్ వాళ్లెవరూ దేశీ రాజులకు అప్పు ఇవ్వకూడదు. మద్రాస్‌లో ఆర్కాట్ నవాబు అప్పుల గొడవ చూశాక చేసిన చట్టం అది. 1816లో లార్డ్ హేస్టింగ్స్ పామర్ కంపెనీకి ఆ అనుమతి ఇచ్చాడు. అక్కడి నుంచి బ్యాంకుకు పట్టపగ్గాలు లేవు.

1820లో ఇంకో పెద్ద అప్పు వచ్చింది, 60 లక్షల రూపాయలు. పాత బాకీలు తీర్చడానికి, పరిపాలన బాగుచేయడానికి అని చెప్పారు. కలకత్తా కౌన్సిల్‌లో సభ్యులు ఒప్పుకోలేదు. చివరికి హేస్టింగ్స్ తన కాస్టింగ్ ఓటుతో దాన్ని పాస్ చేయించాడు. తర్వాత లెక్కలు తీస్తే అందులో 8 లక్షలు బ్యాంకు తనకు తానే బోనస్ కింద రాసుకున్న సొమ్ము అని తేలింది. మిగిలిన దాంట్లో కూడా పాత బాకీని కొత్త పేరుతో తిరగరాసిందే ఎక్కువ. ఈ కాలంలో డైలీ ఫైనాన్స్ వాళ్లు పదివేలు ఇస్తామని, ముందే కోసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టినట్టే.

ఈ వడ్డీ ఎక్కడి నుంచి వచ్చింది? చందూలాల్ తాలూకాలను గుత్తకు ఇచ్చేవాడు. ఎవరు ఎక్కువ ముందే కడితే వాళ్లకే తాలూకా. గుత్తదారు తాను కట్టింది, దాని మీద లాభం, రైతు దగ్గరే రాబట్టాలి. రేపు ఇంకొకడు ఎక్కువ పాడితే తాలూకా పోతుంది కాబట్టి ఈ ఏడాదే అంతా పిండుకోవాలి. ఊర్లకు ఊర్లు ఖాళీ అయి జనం పక్క రాజ్యాలకు వలస పోయారని ఆ కాలం రిపోర్టులు చెప్పాయి. పామర్ పేరు ఆ రైతులకు తెలిసి ఉండదు. వాళ్లకు తెలిసింది గుత్తదారు, అతని సిపాయి.

మెట్‌కాఫ్ వచ్చాడు

1820 చివర్లో రస్సెల్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, బాగా సంపాదించుకుని. బ్యాంకులో ఆయన డబ్బు కూడా రహస్యంగా ఉందని అప్పుడే గుసగుసలు ఉన్నాయి, తర్వాత చరిత్రకారులూ అదే రాశారు. ఆయన జాగాలో చార్లెస్ మెట్‌కాఫ్ రెసిడెంట్‌గా వచ్చాడు.

మెట్‌కాఫ్‌కు రంబోల్డ్ ముందే స్నేహితుడు. అయినా లెక్కలు చూశాక స్నేహం పక్కన పెట్టాడు. నిజాం రాజ్యం దివాలా వైపు పోతోందని, నెల నెలా పెరిగే ఈ అప్పును కంపెనీయే తక్కువ వడ్డీ మీద తీర్చేసి పామర్‌ను బయటికి పంపాలని కలకత్తాకు రాశాడు. ఆరు శాతానికి డబ్బు దొరుకుతుంటే ఇరవై నాలుగు, ఇరవై ఐదు ఎందుకు కట్టాలన్నది ఆయన ప్రశ్న. ఊర్లల్లోకి ఇంగ్లిష్ అధికారులను పంపి, రైతులకు కొన్నేళ్ల పాటు శిస్తు మారదని కౌలు పత్రాలు ఇప్పించాడు. చందూలాల్‌కు ఇది నచ్చలేదు. హేస్టింగ్స్‌కు అసలే నచ్చలేదు. తన ఇంటి అమ్మాయి భర్త మీద, తన మీద నింద వేస్తున్నాడని మెట్‌కాఫ్ మీద కోపం పెంచుకున్నాడు.

1823 జనవరిలో హేస్టింగ్స్ దేశం వదిలి వెళ్లాడు. తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా వచ్చిన జాన్ ఆడమ్ మొదటి నుంచీ ఈ అప్పులకు వ్యతిరేకం. ఆయన మెట్‌కాఫ్ మాట విన్నాడు. పామర్ బాకీ తీర్చేయాలి, ఇక మీదట నిజాంకు ఒక్క పైసా అప్పు ఇవ్వకూడదు అని తేల్చేశాడు.

తీర్చడానికి డబ్బు ఎక్కడిది? ఇక్కడే తెలుగు నేల కథలోకి వస్తుంది. చికాకోల్, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్, గుంటూరు. ఈ ఉత్తర సర్కార్లు ఒకప్పుడు నిజాంవి. వాటిని తన చేతిలో ఉంచుకున్నందుకు కంపెనీ ఏటా 7 లక్షల రూపాయలు పేష్కష్‌గా నిజాంకు కట్టేది. ఆ ఏటేటా రావలసిన డబ్బును నిజాం శాశ్వతంగా వదులుకోవాలి, బదులుగా కంపెనీ ఒకేసారి 1,16,66,666 రూపాయలు ఇవ్వాలి అని 1823లో తేలింది. లెక్క సులువు. ఆరు శాతం వడ్డీ మీద ఏటా 7 లక్షలు రావాలంటే అసలు ఎంత ఉండాలో అంత. ఆ డబ్బు పామర్ బాకీ తీర్చడానికి పోయింది.

పేష్కష్ అలాగే నడిచి ఉంటే 1947 దాకా 124 ఏళ్లలో 8 కోట్ల 68 లక్షలు వచ్చేవి. కోస్తా జిల్లాల మీద హైదరాబాద్‌కు మిగిలిన చివరి హక్కు ఒక బ్యాంకు ఖాతా మూసేయడానికి ఖర్చయింది.

దివాలా

బాకీ వసూలైతే బ్యాంకు బాగుపడాలి కదా? అలా జరగలేదు. నిజాం సర్కారే ఈ బ్యాంకుకు అసలు గిరాకీ. ఆ గిరాకీ పోయింది, కలకత్తా ఆశీర్వాదం పోయింది, డిపాజిట్‌దారుల నమ్మకం పోయింది. అందరూ ఒకేసారి డబ్బు అడిగారు. 1824లో విలియం పామర్ అండ్ కంపెనీ దివాలా తీసింది. పొదుపు పెట్టిన అధికారులు ఎందరో మునిగిపోయారు.

1825లో లండన్‌లోని ఈస్టిండియా హౌస్‌లో దీని మీద రోజుల తరబడి చర్చ జరిగింది. హేస్టింగ్స్ లంచం తిన్నాడని ఎవరూ తేల్చలేదు, కానీ ఆయన పేరుకు మచ్చ పడింది. మాల్టా గవర్నర్‌గా పోయి 1826లో చనిపోయాడు. రస్సెల్ ఇంగ్లండ్‌లో స్వాలోఫీల్డ్ ఎస్టేట్‌లో జమీందారులా బతికాడు. రంబోల్డ్ బ్యాంకుకు రావలసిన బాకీల కోసం ఏళ్ల తరబడి తిరిగి, 1833లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. చందూలాల్ 1843 దాకా పదవిలో ఉన్నాడు, సర్కారు అప్పులు మళ్లీ మొదటికి వచ్చాయి. మెట్‌కాఫ్ తర్వాత గవర్నర్ జనరల్ పదవి దాకా వెళ్లాడు. ఆయన పెట్టిన ఊరి కౌలు ఏర్పాటు మాత్రం నిలవలేదు. 1829లో కొత్త నిజాం నాసిరుద్దౌలా ఆ ఇంగ్లిష్ అధికారులను వెనక్కి పంపించాడు.

పామర్ సవతి అన్న జాన్ పామర్ కలకత్తాలో పేరుమోసిన వ్యాపారి. 1830లో ఆయన కంపెనీ కూడా కూలింది. అన్నదమ్ముల ఇద్దరి బ్యాంకులూ ఆరేళ్ల తేడాలో పోయాయి.

మిగిలిన 43 ఏళ్లు

దివాలా నాటికి పామర్‌కు 44 ఏళ్లు. ఇంగ్లండ్ పోలేదు. పోతే అక్కడ ఆయన హిందుస్తానీ బేగం కొడుకు. ఇక్కడ మాత్రం దొరా అయ్యాడు, హైదరాబాదీ కూడా అయ్యాడు. దక్కన్‌లోనే ఉండిపోయాడు. ఆయన మేధావి, మాటకారి, పాత దర్బారు సంగతులన్నీ తెలిసిన మనిషి అని దగ్గరగా చూసినవాళ్లు రాశారు.

అలా ఆయన ఇంటికి వచ్చిపోయే యువకుల్లో నిజాం సైన్యం అధికారి ఫిలిప్ మెడోస్ టేలర్ ఒకడు. 1832లో ఆయన పామర్ కూతురు మేరీని పెళ్లి చేసుకున్నాడు. 1839లో ఠగ్గుల మీద నవల రాసి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్నది ఈ టేలరే.

1853లో కథ మళ్లీ తిరిగింది. అదే కంటింజెంట్ జీతాల బాకీ పేరు చెప్పి డల్హౌసీ నిజాం దగ్గర బేరార్, నల్దుర్గ్, రాయచూర్ దోఆబ్ తీసుకున్నాడు. ఒకప్పుడు పామర్‌కు జమానత్‌గా రాసిచ్చిన బేరారే ఈసారి కంపెనీ చేతికి పోయింది. నల్దుర్గ్ జిల్లాను చూసుకోవడానికి పంపింది పామర్ అల్లుడు టేలర్‌నే. మెట్‌కాఫ్ చెప్పినట్టు పామర్ పోయాడు కానీ అప్పు పోలేదు. అప్పిచ్చేవాడు మారాడు, అంతే. మొదట ప్రైవేటు బ్యాంకు, తర్వాత కంపెనీయే.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీ రెసిడెన్సీ మీదికి వచ్చారు. పామర్ అప్పటికి 77 ఏళ్ల ముసలాయన. ఆయన యవ్వనంలో చూసిన రెసిడెన్సీలో రెసిడెంట్ హైదరాబాదీ దుస్తులు వేసుకుని, బేగం కోసం జనానా కట్టించుకునేవాడు. ఇప్పుడు అదే రెసిడెన్సీ గోడల మీద ఫిరంగులు ఉన్నాయి. తల్లి జాతి, తండ్రి జాతి ఎదురెదురుగా నిలబడిన రోజు అది.

విలియం పామర్ 1867లో హైదరాబాద్‌లో చనిపోయాడు, 87 ఏళ్ల వయసులో. అప్పటికి దివాన్ మొదటి సాలార్‌జంగ్. చందూలాల్ కాలం నాటి గుత్త పద్ధతిని తీసేసే పని ఆయన చేతుల మీదే జరిగింది. సాహూకార్లకు, అరబ్ జమేదార్లకు తాకట్టు పోయిన తాలూకాలను విడిపించాడు. 1865లో జిలాబందీ తెచ్చాడు. పామర్ పోయిన 1867 నాటికి రాజ్యం 5 విభాగాలు, 17 జిల్లాలుగా ఏర్పడింది. శిస్తు వసూలు చేసే తాలూక్‌దార్ వేలం పాడి వచ్చినవాడు కాదు, సర్కారు జీతం తీసుకునే ఉద్యోగి. జనగామ, మానుకోట వైపు ఊర్లలో దేశ్‌ముఖ్‌ల బలం మాత్రం తగ్గలేదు. దాని మీద తిరగబడడానికి ఇంకో 80 ఏళ్లు పట్టింది.

పామర్ ఒక్కడే దోషి అనడం న్యాయం కాదు. సైన్యం ఖర్చు నెత్తిన పెట్టింది రస్సెల్. సంతకం చేసింది చందూలాల్. అనుమతి ఇచ్చింది హేస్టింగ్స్. వీళ్లలో దివాలా తీసింది పామర్ ఒక్కడే. ఆ వడ్డీ మొత్తం కట్టిన రైతుల పేర్లు మాత్రం పామర్ ఖాతా పుస్తకాల్లో గానీ, లండన్ చర్చల్లో గానీ ఎక్కడా లేవు.